ఎ క్లాసు ఇల్లు

శనివారం పొద్దున పది గంటలకు వెర్నా కాడిల్ వృద్ధాశ్రమంలో పద్నాలుగో గది మంచం మీద దుప్పటి మూలలు పరుపు కిందికి దోపుతూ ఉండగా ఫ్యునరల్ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె అక్క ఇమోజిన్ చనిపోయి అప్పటికి సరిగ్గా ఒక రోజు. సెలవు పెట్టమని అందరూ చెప్పారు. ఇంట్లో కూర్చుని గోడలు చూడటం కంటే పదిమంది ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం నయమనుకుని వెర్నా పనిలోకి వచ్చేసింది.

"అక్కకి బట్టలు కావాలమ్మా," అన్నాడు ఆర్విల్ బ్లెవిన్స్. ముప్పై ఏళ్ళుగా మా ఊళ్ళో పోయినవాళ్ళందరికీ ఆఖరిసారి తల దువ్వింది ఆయనే. "ఇంకో సంగతి వెర్నా. నోట్లో పళ్ళు లేవు. ఆస్పత్రివాళ్ళు పంపలేదు."

"పెట్టుకునే టైమెక్కడిది. నిద్రలేస్తూనే పడిపోయింది కదా. బాత్రూమ్‌లో కప్పులో ఉండి ఉంటాయి."

"సోమవారం పదకొండింటికి అందరూ చూడటానికి శవపేటిక తెరిచి ఉంచుతాం. రేపు సాయంత్రంలోపు తెచ్చిస్తే చాలు. కుదరకపోతే దూది పెట్టి ఏదో ఒకటి చేస్తాననుకో."

"దూది వద్దు. నేను తెస్తా."

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న హర్షెల్ తాత ఆమె ఫోన్ పెట్టేదాకా ఆగాడు. ఆయనకు తొంభై ఒకటి. నలభై ఏళ్ళు బొగ్గుగనిలో చేసి, ఇప్పుడు ఆ గదిలో దగ్గుతున్నాడు.

"ఎవరే పిల్లా?"

"బ్లెవిన్స్."

"నాకోసం అడిగాడా?"

"ఇంకా లేదు. నీ ముందు చాలామంది ఉన్నారు."

వెర్నా కట్టుడు పళ్ళ కప్పు కడిగి, మంచినీళ్ళు పోసి, మూత మీద అంటించిన పేరు చెరిగిపోలేదని చూసి పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ ఆశ్రమంలో ఆయా. రాష్ట్ర రిజిస్టర్లో పేరూ, సర్టిఫికెట్టూ ఉన్న ఆయా. ఎవరైనా పోతే డాక్టరుకి కబురు పెట్టగానే ఆమె మొదట చేసే పని వాళ్ళ పళ్ళు వాళ్ళ నోట్లో పెట్టడం. దవడ బిగిసేలోపు పెట్టాలి. పెట్టడం కుదరకపోతే కప్పు మూత బిగించి, బ్లెవిన్స్ చేతికే ఇవ్వాలి, బట్టల సంచిలో వెయ్యకూడదు. పళ్ళు లేని ముఖం లోపలికి కుంగిపోయి, కన్నబిడ్డలే గుర్తుపట్టలేని ముఖం అయిపోతుంది. ఇన్నేళ్ళలో వెర్నా చేతిమీదుగా వెళ్ళినవాళ్ళు ఒక్కరు కూడా బోసినోటితో వెళ్ళలేదు. ఊరివాళ్ళకి, పొరుగు కౌంటీవాళ్ళకి, చూడటానికి ఒక్క చుట్టమైనా రాని వాళ్ళకి కూడా చేసింది. సొంత అక్కకి దూది పెట్టిస్తుందా?

మూడింటికి డ్యూటీ దిగి నేరుగా ట్రైలర్ పార్కుకి, చక్రాల ఇళ్ళు అద్దెకిచ్చే చోటుకి, వెళ్ళింది. అక్క అద్దెకున్న ఏడో నంబరు తలుపుకి కొత్త గొళ్ళెం, కొత్త తాళంకప్ప వేలాడుతున్నాయి. వాటి మీద టేపుతో ఒక కాగితం అంటించి ఉంది.

పార్కు మేనేజరు డెన్వర్ స్లోన్ ఆఫీసులో సాండ్‌విచ్ తింటున్నాడు. స్కూల్లో వెర్నాకి ఒక క్లాసు పైన చదివాడు. ఆమె వచ్చిన పని విని, నోట్లోది పూర్తిగా నమిలి మింగి అప్పుడు మాట్లాడాడు.

"చూడు వెర్నా, లీజు ఇమోజిన్ పేరు మీద ఉంది. ఇమోజిన్ లేదు. లీజూ లేదు. యూనిట్ ఖాళీ అయినట్టే."

"ఖాళీ ఏంటి డెన్వర్. నిన్న పొద్దున దాకా అందులోనే ఉంది. సామానంతా లోపలే ఉంది."

"వారసురాలివని కోర్టు కాగితం పట్టుకురా, తీస్తాను."

"కోర్టు సోమవారం దాకా తెరవరు. సోమవారమే పూడ్చేస్తున్నాం. ఒక డ్రెస్సు, పళ్ళు. పది నిమిషాలు. నువ్వే దగ్గర నిలబడి చూడు."

"రూలు నేను పెట్టలేదు తల్లీ."

ఆ రూలు ఎవరు పెట్టారో అతనూ చెప్పలేదు. ఎవరినడిగినా చెప్పరు. మా దగ్గర రూళ్ళన్నీ వాటంతటవే పుట్టినట్టు మాట్లాడతారు.

*

ఆదివారం పన్నెండున్నరకి, పార్కులో సగంమంది చర్చిలో, మిగిలిన సగం భోజనాల దగ్గర ఉండగా, పట్టపగలు వెర్నా ఏడో నంబరు మెట్లెక్కింది. కాగితాన్ని చిరగకుండా టేపుతో సహా ఒలిచి కోటు జేబులో పెట్టుకుంది. మళ్ళీ అంటించాలని ఆమె ఉద్దేశం. గొళ్ళేనికి నాలుగు స్క్రూలు. తాళం బలమైనదే కానీ స్క్రూలు బయటికే ఉన్నాయి. స్లోన్ పని ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఒక్కొక్కటీ విప్పి, దొర్లిపోకుండా కారు తాళాల సంచిలో వేసుకుంది.

లోపల చలి. పొయ్యి పక్కన గిన్నెలో గురువారం రాత్రి నానబోసిన చిక్కుడు గింజలు మొలకలొచ్చి వాసన వేస్తున్నాయి. బల్ల మీద సగం నింపిన గళ్ళ నుడికట్టు, దాని మీద కళ్ళజోడు. వెర్నా ఎక్కడా కూర్చోలేదు. గింజలు పారబోసి గిన్నె కడిగి బోర్లించింది. తెల్ల కాలరున్న నీలం డ్రెస్సూ, లోపలి బట్టలూ, కళ్ళజోడూ సంచిలో పెట్టింది. బాత్రూమ్‌లో పళ్ళ కప్పు ఉండవలసిన చోటే ఉంది. మూత బిగించి, పేరు రాసి అంటించడానికి కాగితం వెతికి, తన అక్కే కదా అని గుర్తొచ్చి ఆగింది. అయినా రాసింది. పని పనే.

అప్పుడే వెళ్ళిపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆమె వెళ్ళలేదు. గొళ్ళేన్ని ఉన్నచోటే పెట్టి స్క్రూలు బిగించడం మొదలుపెట్టింది. మూడోది బిగిస్తుండగా వెనక కారు ఆగింది. అంతకుముందే స్లోన్ ఆఫీసు కిటికీలోంచి చూసి షెరిఫ్‌కి ఫోన్ చేశాడు. వచ్చినవాడు షెరిఫ్ దగ్గర డెప్యూటీ, మలిన్స్. వాళ్ళ నానమ్మ ఆశ్రమంలో వెర్నా చేతుల్లోనే పోయింది.

"మిస్ వెర్నా, ఏం చేస్తున్నారు?"

"తాళం బిగిస్తున్నా."

"తాళం... బిగిస్తున్నారా?"

"విప్పినదాన్ని బిగించొద్దా?"

మలిన్స్ సంచి తెరిచి చూశాడు, కప్పు పైకి తీశాడు, పేరు చదివాడు, మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టాడు. అప్పటికి స్లోన్ చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "కేసు రాయి. లేకపోతే రేపు ఇంకొకడొస్తాడు," అన్నాడు. మలిన్స్ వెర్నాని తన కారులోనే ఫ్యునరల్ హోమ్‌కి తీసుకెళ్ళాడు. ఆమె కప్పు బ్లెవిన్స్ చేతికిచ్చి వచ్చేదాకా టోపీ తీసి బయట నిలబడ్డాడు. ఆ తర్వాత కారు బానెట్ మీద చేతి మెషీన్ పెట్టి కేసు కాగితం తీశాడు.

"ఇక్కడ 'ఎ' అని ఉంది. ఏంటి నాయనా అది?"

"ఎ క్లాసు చిన్న నేరం మిస్ వెర్నా. మనుషులుండే ఇంట్లోకి వెళ్తే అదే. నేను పెట్టింది కాదు, మెషీన్లో 'ఇల్లు' అని నొక్కితే అక్షరం దానంతటదే వస్తుంది." మెషీన్ మూసేస్తూ, "కోర్టులో చెప్పుకోండి. వింటారు," అన్నాడు.

*

సోమవారం అంత్యక్రియలు జరిగాయి. ఇమోజిన్ ముఖం ఇమోజిన్ ముఖంలాగే ఉంది. మంగళవారం ఆశ్రమం మేనేజరు పెల్‌ఫ్రీ వెర్నాని గదిలోకి పిలిచి తలుపు వేసింది. కంపెనీ నిబంధనలు ఎదురుగా పరిచి ఉన్నాయి. "కేసు తేలేదాకా పనిలో ఉండు. బి అయితే నేను సర్దుకోగలను వెర్నా. ఎ అయితే ముసలివాళ్ళ గదుల్లోకి నిన్ను పంపడానికి నాకు అధికారం లేదు. వంటింట్లోకీ పంపలేను," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్ళు కాగితం మీదే ఉన్నాయి.

ఆ పై వారం బుధవారం కోర్టు. జడ్జి ఫ్యూగేట్ తన పీఠం ఎక్కి, హాల్లో ఉన్న అరవై మందికీ కలిపి వాళ్ళ హక్కులు ఒకేసారి చదివేసింది. తర్వాత పేర్లు పిలవడం. మా రాష్ట్రంలో చిన్న నేరాలకి అక్షరాలుంటాయి. ఎ అంటే ఏడాది దాకా జైలు. బి అంటే తొంభై రోజులు దాకా. దానికింద ఉల్లంఘన, అది జరిమానాతో పోతుంది. వినడానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. అయితే వెర్నాకి ముందు పిలిచిన మనిషి పెళ్ళాం ముఖం వాచిపోయేలా కొట్టినవాడు. అతనిదీ ఎ. ఆ ముఖం, పళ్ళ కప్పు, రెండూ ఒకే అక్షరం కింద సర్దేసిన వాళ్ళు ఎక్కడ కూర్చుని సర్దారో నాకు చూడాలని ఉంటుంది.

సర్కారు ఇచ్చిన లాయరు పేరు మార్గో విట్. ముప్పై ఏళ్ళుంటాయి. చంకలో పదకొండు ఫైళ్ళు. వెర్నాతో మాట్లాడటానికి ఆమెకున్నది వరండాలో నాలుగు నిమిషాలు.

"మిస్ వెర్నా, మంచి ఆఫర్ ఇచ్చారు. నేరం ఒప్పుకుంటే ఒక్క రోజు కూడా జైలు లేదు. ఏడాది శిక్ష మొత్తం అమలు నిలిపేస్తారు. పది నిమిషాల్లో ఇంటికెళ్ళిపోవచ్చు. అందరూ తీసుకుంటారు."

"కాగితం మీద ఎ అనే ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే ఇంటికే వెళ్తాను. ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేదు."

మార్గో మొదటిసారి ఫైలులోంచి తలెత్తింది. పెల్‌ఫ్రీ అన్న మాటలు వెర్నా చెప్పింది. మార్గో పక్క కిటికీ గట్టు మీద ఫైళ్ళన్నీ దించి, చట్టం పుస్తకం తీసి ఒక వాక్యం మీద గోరుపెట్టి చూపించింది. మనిషి మామూలుగా బస చేసే కట్టడం అయితే అది ఇల్లు, ఎ. అలా కాని కట్టడమైతే బి.

"మీ అక్క అక్కడే ఉండేది. అది ఇల్లు కాదని నేనెలా వాదించను? ఏదైనా దారి ఉంటే చెప్పండి. శుక్రవారం దాకా వాయిదా అడుగుతాను."

"చట్టం చదివింది నువ్వు కదమ్మా. నన్ను అడుగుతావేంటి?"

"నిజమే," అంది మార్గో. "అయినా ఆలోచించండి."

*

గురువారం పొద్దున తొమ్మిదో గదిలో ఎడ్నా అనే ముసలావిడ పోయింది. ఆరుంబావుకి పోయింది. వెర్నా పళ్ళు పెట్టి, దవడ కింద తువ్వాలు చుట్టి, చేతులు సర్దింది. దుప్పట్లు ఒలిచి మడిచింది. గోడ మీది మనవల ఫోటోలు తీసి సంచిలో పెట్టింది. ఏడింటికి నర్సుల బల్ల దగ్గర రోజూ రాసే తలల లెక్క కాగితం ఉంది. ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఏది ఖాళీయో రాయాలి. తొమ్మిది ఎదురుగా ఎడ్నా పేరు కొట్టేసి, 'ఖాళీ, 6.15' అని రాసింది. రాసి పెన్ను ఎత్తలేదు.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు రాసిందో ఆ మాట. పరుపు ఇంకా వెచ్చగా ఉండగానే రాసేది. మనిషి పోయిన నిమిషమే గది ఖాళీ. రాయకపోతే పై నుంచి ఫోన్ వస్తుంది.

కోటు జేబులో స్లోన్ కాగితం ఇంకా ఉంది. ఆ ఆదివారం అంటించడానికి వీలు కాలేదు. తీసి చదివింది. 'ఏడో నంబరు. ఖాళీ. ఎవరూ ఉండటం లేదు. లోపలికి రాకూడదు.' కింద అతని సంతకం, శనివారం తేదీ. భోజనాల గంటలో మార్గోకి ఫోన్ చేసి చదివి వినిపించింది.

"మిస్ వెర్నా, ఆ కాగితం మడత కూడా పెట్టకండి. రేపు అలాగే పట్టుకొచ్చెయ్యండి," అంది మార్గో.

"దీంతో బి అవుతుందా?"

"వాడే ఖాళీ అన్నాడు. ఖాళీ అయితే అది ఎవరి ఇల్లూ కాదు. కాదు, ఇల్లే అంటాడా, కోర్టు ఉత్తర్వు లేకుండా ఒకరి ఇంటికి తాళం వేసినట్టు ఒప్పుకోవాలి. ఎటు తిరిగినా ఇరుక్కుంటాడు."

పద్నాలుగో గదిలో హర్షెల్ తాతకి గడ్డం గీస్తూ వెర్నా ఈ సంగతంతా చెప్పింది. తాత సబ్బు నురగలోంచి నవ్వాడు.

"ఎ క్లాసు నేరమా? మా గనిలో ఎ క్లాసు అంటే మేలురకం బొగ్గు. నువ్వు మేలురకం దొంగవన్నమాట."

"కదలకు. గాటు పడుతుంది."

"బి అయితే వచ్చే వారం కూడా నాకు నువ్వే గీస్తావా?"

"నేనే గీస్తా."

"అయితే బి చేయించుకో పిల్లా. ఆ కొత్త ఆయా నా చెవి కోసేస్తుంది."

వెర్నా కత్తి కడిగింది. సంతోషంగానే ఉంది. మధ్యాహ్నం దాకా పని చురుగ్గా సాగింది కానీ, తొమ్మిదో గది ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆమె తల తిప్పుకుంది.

*

శుక్రవారం కోర్టులో జనం తక్కువ. ప్రాసిక్యూటర్ టాకెట్ కాగితం చూసి, రెండువైపులా తిప్పి చూసి, పెదవి విరిచాడు. స్లోన్ మంచి చొక్కా వేసుకొచ్చాడు. చెయ్యెత్తి ప్రమాణం చేసి సాక్షి కుర్చీలో కూర్చున్నాడు.

"స్లోన్ గారూ, ఇది మీరు రాసిందేనా?" అడిగింది మార్గో.

"నేనే."

"శనివారం నాటికి ఇందులో ఉన్నది నిజమేనా? నిజం కాకపోతే చెప్పండి. ఎవరో ఉంటున్న ఇంటికి మీరు తాళం ఎలా వేశారో తర్వాత అడుగుతాను."

స్లోన్ టాకెట్ వైపు చూశాడు. టాకెట్ తన పెన్ను వైపు చూసుకున్నాడు.

"నిజమే. మనిషి పోయింది. ఎవరూ ఉండటం లేదు. ఖాళీ."

జడ్జి టాకెట్‌ని అడిగింది. బి కి తనకి అభ్యంతరం లేదన్నాడతను. ముద్దాయి కూడా తన నోటితో చెబితే చాలు, రికార్డు సరిగ్గా ఉంటుంది అన్నాడు. వెర్నా లేచి నిలబడి ప్రమాణం చేసింది. జడ్జి అడిగింది.

"మిస్ కాడిల్, ఆ ఆదివారం మీరు అనుమతి లేకుండా లోపలికి వెళ్ళారు. మీరు వెళ్ళినప్పుడు ఆ కట్టడం ఎవరి ఇల్లూ కాదు. అంతేనా?"

వెర్నాకి బల్ల మీది కళ్ళజోడు కనిపించింది. పారబోసిన గింజలు గుర్తొచ్చాయి. నానబోసినవాళ్ళు మర్నాడు వండుకోవడానికే నానబోస్తారు. మార్గో ఆమె మోచేతిని చిన్నగా తాకింది.

"అవునండి."

"రికార్డు అవుతోంది. పూర్తిగా చెప్పండి."

"ఎవరి ఇల్లూ కాదండి."

అంతే. బి క్లాసు. ముప్పై రోజులు, అమలు నిలిపివేత, ఏడాది పాటు ఏ కేసులోనూ ఇరుక్కోకూడదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అందరూ తర్వాతి ఫైలు తెరుస్తున్నారు. వెర్నా కదలలేదు.

"ఒక మాట అడగొచ్చా జడ్జి గారూ?"

"అడగండి."

"మనిషి చచ్చిపోయిన మర్నాడే పళ్ళూ బట్టలూ లోపల పెట్టి తాళం వేసుకున్నాడు. పది నిమిషాలు తియ్యమంటే తియ్యలేదు. దానిది ఏ క్లాసు?"

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. టాకెట్ సగం లేచి, "అది నేరాల్లోకి రాదండి. సివిల్ తగాదా," అన్నాడు.

జడ్జి కళ్ళజోడు తీసింది. "దానికి అక్షరం లేదు మిస్ కాడిల్," అంది.

వరండాలో మార్గో ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపింది. వెర్నా పెల్‌ఫ్రీకి ఫోన్ చేసి చెప్పింది. సోమవారం ఆరింటికల్లా వచ్చెయ్యమని పెల్‌ఫ్రీ అంటుంటే గొంతులో నిజమైన సంతోషం వినిపించింది. ఫోన్ పెట్టేసరికి స్లోన్ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏదైతేనేం, నా మాటతోనే బయటపడ్డావు వెర్నా. మనసులో ఏం పెట్టుకోకు." వాచీ చూసుకున్నాడు. "అన్నట్టు, ఒంటిగంటకి మావాళ్ళు చెత్త లారీ తెస్తున్నారు. ఏడో నంబరు సామానంతా కౌంటీ చెత్తగుట్టకి పోతుంది. కొత్తవాళ్ళు ఒకటో తారీకుకి దిగుతున్నారు."

"కోర్టు కాగితం తెచ్చుకోమన్నావు కదా. తెచ్చుకుంటా. సోమవారం దాకా ఆగు."

"ఇంకా కాగితం ఎందుకు? ఎవరి ఇల్లూ కాదని ప్రమాణం చేసి చెప్పావుగా, ఇప్పుడే. ఎవరి ఇల్లూ కానిచోట సామాను ఎవరిదవుతుంది?"

అతని గొంతులో కక్ష లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. కక్ష ఉండి ఉంటే కొంత నయం, తిట్టడానికైనా మనిషి దొరికేవాడు.

వెర్నా మార్గో వైపు తిరిగింది. "వాడన్నది నిజమేనా?"

"చట్టం అలా అనదు," అంది మార్గో. ఆమె ముఖంలో ఇందాకటి వెలుగు లేదు. "కానీ రికార్డులో మీ మాట ఉంది. వాడు అదే చూపిస్తాడు. ఇవాళ ఏ డెప్యూటీ వాణ్ణి ఆపడు. ఎదురు వీధిలో పేదల లాయర్లున్నారు, వాళ్ళు వెయ్యాలి సివిల్ కేసు. వాళ్ళు వేసేసరికి సామాను చెత్తలో ఉంటుంది."

"ఇల్లే అని చెప్పి ఉంటే?"

"ఇల్లయితే కోర్టు ఉత్తర్వు లేకుండా చెంచా కూడా కదపలేడు." ఆ మాట సగంలో ఉండగానే ఆమెకి అర్థమైంది. "మిస్ వెర్నా, వద్దు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. అవి పాత కుర్చీలు, దుప్పట్లు."

"మా అమ్మ కుట్టిన దుప్పట్లు. అది కాదులే. దుప్పట్లు పోతే పోనీ." వెర్నా హాలు తలుపు వైపు తిరిగింది. "ఇంతకాలం అందరి మంచాల ఎదురుగా నేనే రాశాను ఖాళీ అని. నా ఉద్యోగం అది, రాశాను. మా అక్కకి కూడా నా చేత్తోనే, నా నోటితోనే చేయించారు చూశావా? వాడు తాళమే వేశాడు. ఆ ఇల్లు లేకుండా చేసింది నేను. జడ్జి సంతకం అయిందా?"

"మధ్యాహ్నం అన్నీ కలిపి చేస్తారు."

వెర్నా హాలు తలుపు తోసింది. మార్గో ఒక్క క్షణం నిలబడి, ఫైళ్ళన్నీ అక్కడే బెంచీ మీద వదిలేసి వెనకే వెళ్ళింది.

జడ్జి ఎవరితోనో మాట్లాడుతోంది. వెర్నా జడ్జి బల్ల ముందున్న చెక్క గేటు దగ్గర తన వంతు కోసం నిలబడింది. నిలబడటం ఆమెకి అలవాటే. మార్గో ముందుకెళ్ళి, తన క్లయింటు ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటోందని, తాను వద్దని చెప్పానని, సామాను ఎత్తుకుపోవడానికి ఒంటిగంటకి లారీ వస్తోందని, మూడూ చెప్పింది. టాకెట్ విసుగ్గా తల పట్టుకున్నాడు.

"మిస్ కాడిల్," అంది జడ్జి, "మాట వెనక్కి తీసుకుంటే బి ఉండదు. తెలుసా?"

"తెలుసండి."

"ఎ అంటే ఏమిటో తెలుసా?"

"ఏడాది జైలు. నా ఉద్యోగం కూడా పోతుంది."

"ట్రయల్ అడగవచ్చు. అది మీ హక్కు."

"ట్రయల్లోనూ ఇదే కదండీ అడుగుతారు, ఇల్లా కాదా అని. ఇందాక నేను అబద్ధం చెప్పాను. అది మా అక్క ఇల్లు. పదకొండేళ్ళ నుంచి ఆమె ఇల్లు. శనివారం స్లోన్ తాళం వేసినప్పుడూ ఆమె ఇల్లే, ఆదివారం నేను స్క్రూలు విప్పినప్పుడూ ఆమె ఇల్లే. అడక్కుండా వెళ్ళాను, ఒప్పుకుంటున్నాను. ఖాళీ చోటుకి మాత్రం వెళ్ళలేదు. ఎ రాయండి."

తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డ స్లోన్, "జడ్జి గారూ," అంటూ ముందుకు వచ్చాడు.

"మీరు కూర్చోండి," అంది జడ్జి. చాలాసేపు ఆమె ఎదురుగా ఉన్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. అందులో ఒకటి స్లోన్ రాసింది. "టాకెట్, ఇది ఇల్లని మీరే కదా కేసు పెట్టారు. ఇంకా ఆ మాట మీదే ఉన్నారా?"

టాకెట్ స్లోన్ వైపు చూడకుండా, "ఉన్నామండి," అన్నాడు.

"అయితే ఇల్లే. వేరే ఉత్తర్వు వచ్చేదాకా అందులో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. షెరిఫ్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ఒంటిగంటకి లారీ వస్తోందని లాయరు అంటున్నారు." తర్వాత వెర్నాని చూసింది. ఆ చూపులో జాలి ఉంది. అయితే శిక్షాస్మృతిలో జాలికి కూడా అక్షరం లేదు. "ఎ క్లాసు. పన్నెండు నెలలు. మొత్తం నిలిపివేస్తున్నాను. నేను చేయగలిగింది అంతే మిస్ కాడిల్."

"చాలండి," అంది వెర్నా.

జడ్జి బల్ల ముందు కూర్చున్న గుమాస్తా బి ని కొట్టేసి పక్కన ఎ రాసింది. 'ఖాళీ కట్టడం' అన్న మాట కొట్టేసి 'ఇల్లు' అని రాసింది. దానిముందు జాగా మిగిలితే తలెత్తి అడిగింది.

"ఎవరి ఇల్లు అని రాయమంటారు?"

"ఇమోజిన్ కాడిల్."

"మొదటి పేరు ఎలా రాస్తారు?"

వెర్నా బల్ల దగ్గరికి జరిగి ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. గుమాస్తా ఒకటి రాసేదాకా ఆగి, సరిగ్గా రాసిందో లేదో వంగి చూసుకుని, ఆ తర్వాతే రెండోది చెప్పింది.